మల్లయ్య కాకకు నేను చెప్పిన టైము

మా చిన్నప్పుడు... శుక్రవారం వచ్చిందంటే తెల్లారకముందే లేచి, తలైనా దువ్వుకోకుండా మైదానానికి పరుగే! సౌదీలోని యాన్బులో మా క్వార్టర్స్ వెనక మట్టి మైదానం... ఎండ ముదరకముందే అక్కడ బేస్‌బాల్. నాన్నతో ప్లాంటులో పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్లు నేర్పిన ఆట. ఊళ్లో కబడ్డీ తప్ప ఎరగని మా జగిత్యాల నాన్న, వాళ్ల టీములో బంతి విసిరే మొనగాడైపోయాడు.

మాది ఎర్ర టోపీల టీము. నాకప్పుడు పదేళ్లు. టీము ఓడిపోతే ఆ పూట అన్నం ముట్టేదాన్ని కాదు. "ఆడేది వాళ్లు, అలిగేది నువ్వానే?" అని అమ్మ తిట్టేది.

ఎప్పుడూ అట్టడుగున ఉండే మా వాళ్లు ఆ ఏడు చెలరేగిపోయారు... ఏకంగా ఫైనల్‌కి వచ్చేశారు! ఓడింది మూడే మూడు మ్యాచ్‌లు. ఆ మూడింటికీ మల్లయ్య కాక వచ్చాడు.

కాకది నాన్న వాళ్ల పక్క ఊరు. దూరంగా లేబర్ క్యాంపులో ఉంటూ పెయింటింగ్ పని చేసేవాడు. శుక్రవారం ఒక్కటే సెలవు... అదీ డ్యూటీ పడకపోతేనే. దొరికిన రోజు మాత్రం గంటసేపు నడిచి మరీ ఆట చూడ్డానికి వచ్చేవాడు. ఆట అర్థమైతే కదా! బంతి గాల్లోకి లేస్తే చాలు, ఎవరు కొట్టినా "సిక్సూ!" అని చప్పట్లు.

ఆయన్ని "ఐరన్ లెగ్" అని మొదట అన్నది నేనే. పిల్లలంతా అందుకున్నారు.

ఫైనల్‌కి ముందురోజు మా వీధి కిరాణా కొట్టు దగ్గర ఎదురయ్యాడు.

"బిడ్డా, రేపు ఆట ఎన్ని గంటలకు? నాకు పాస్‌పోర్టుల ఖురూజ్ ముద్ర కొట్టిండ్రు, వీసా కతం... ఆదివారం ఇంటికి పోతున్న. ఇగ మల్ల రాను. గిదొక్కటి సూసి పోత."

"ఫైనల్ కదా, ఈసారి సాయంత్రం నాలుగింటికి కాకా," అన్నాను. ఏమాత్రం తడుముకోలేదు.

పొద్దున ఆరున్నరకే ఆట మొదలైంది. ఒక్క పరుగు తేడాతో గెలిచాం! నాన్నను అందరూ భుజాల మీదికెత్తుకున్నారు. నేను గొంతు పోయేదాకా అరిచాను.

సాయంత్రం నాలుగింటికి కిటికీలోంచి చూద్దును కదా... మండే ఎండలో, ఖాళీ మైదానంలో కాక. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తల మీద కొత్త ఎర్ర టోపీ... ఎక్కడ సంపాదించాడో! అయినా నేను కిందికి దిగలేదు. పరదా చాటున నిలబడి చూస్తూ ఉండిపోయాను.

చివరికి నాన్నే చూసి ఇంటికి తీసుకొచ్చాడు.

"గిప్పుడొచ్చినవేందన్నా? ఆట పొద్దుగాలనే అయిపాయె! మా పిల్ల నీకు చెప్పలేదా?"

కాక ఒక్క క్షణం నావైపు చూశాడు.

"చెప్పింది తమ్మీ... నేనే మర్శిపోయిన," అన్నాడు. తర్వాత నాతో, "గెలిచినం గద బిడ్డా... గంతే సాలు."

"గెలిచినం" అన్నాడండీ! ఆ గెలుపును కళ్లతో చూడకుండా చేసిన నాతో... ఆ మాట అన్నాడు.

తర్వాతి సీజన్‌లో మొదటి నాలుగు మ్యాచ్‌లూ వరసగా ఓడిపోయాం. కాక అప్పుడు జగిత్యాలలో ఉన్నాడు.

పోయిన నెల నాన్న ఆయనతో ఫోన్లో మాట్లాడించాడు. "మనోళ్లు ఇంక ఆడుతున్నరా బిడ్డా?" అని అడిగాడు. ఇప్పుడు మైదానమూ లేదు, ఆటా లేదు, అక్కడ కార్లు ఆపుకుంటున్నారని చెప్పాను. చెప్పాల్సిన అసలు మాటకు మాత్రం నోరు పెగల్లేదు. ఛీ... ముప్పై దాటినా నాది అదే పిరికితనం.

మీకూ ఇలాంటిదేదైనా ఉంటే కింద రాయండి... చదువుతాను. నన్ను నాలుగు తిట్టినా సరే, పడతాను. "చిన్నపిల్లవి, తెలియక చేశావులే" అని మాత్రం అనకండి.

నేను తెలిసే చేశాను.