ఏ సాయంత్రమైనా జీతం

హిందూపురంలో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. ఒకసారి నెల మధ్యలో మా నాయనను ఆసుపత్రిలో చేర్చాం. అప్పటిదాకా చేసిన పనికి జీతం ఇమ్మని యజమానిని అడిగాను. ఆయన ఫోనులోంచి తల ఎత్తలేదు. "ఒకటో తారీకు రాపోమ్మా" అన్నాడు. కమ్మలు కుదువబెట్టాను. ఆ దిగులుతో కాలర్లు వంకరగా కుడితే, వాటికీ జీతం కోశాడు.

తర్వాత పెనుకొండలో సొంతంగా కుట్టు షెడ్డు పెట్టాను. ఎవరు ఏ సాయంత్రం అడిగినా, ఆ రోజుదాకా చేసిన పనికి డబ్బు చేతిలో పెడతాను. ఈ సంగతి తెలిసి ఆ పాత యజమాని దగ్గరి మంచి పనివాళ్లు ఒక్కొక్కరే బస్సెక్కి వచ్చేశారు. ఒక్కరినీ నేను పిలవలేదు. కానీ ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా నా కడుపుమంట కొంచెం చల్లారేది. బడి ఫీజు గురించి, మందుల గురించి బెంగ లేని చేతుల్లో కుట్టు తిన్నగా సాగింది. ధర్మవరం నుంచి కూడా ఆర్డర్లు వచ్చాయి.

మొన్న నెల మధ్యలో ఆయనే వచ్చాడు. "మిషన్లు ఉండాయి, కుట్టేవాళ్లు లేరు. ఈ వారంలో నువ్వు కుట్టియ్యకపోతే ఆర్డరు పోతాదమ్మా" అన్నాడు.

నేను కుడుతున్న కాలరు మీద నుంచి తల ఎత్తలేదు.

"ఒకటో తారీకు రాపో సార్" అన్నాను.