చల్లటి నూనెలో ఆవాలు

చాండ్లర్‌లో ఏ తెలుగువాళ్లింటికి వెళ్లినా ఈమధ్య ఒకే మాట. రేణు చెప్పిన వంట చేయబోయి పాపం ఆడపిల్లలు ఇల్లు తగలబెట్టుకోబోయారట అని. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇల్లు తగలబడలేదు, రేణు అలా చెప్పనూ లేదు. రేణు వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. జరిగిందేమిటో మొదటినుంచీ తెలిసినదాన్ని కాబట్టి నోరు మూసుకుని కూర్చోలేకపోతున్నాను.

రేణుది అనకాపల్లి. ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చేనాటికి అన్నం వార్చడం కూడా రాదు. ఇంట్లో వంటింటి గుమ్మం తొక్కితే చాలు, 'నువ్వు వెళ్లి చదువుకో' అని తరిమేవారట. మొదటి సెమిస్టర్ అంతా బ్రెడ్డు మీద ఆవకాయ రాసుకుని తిని కడుపులో మంటతో డాక్టర్ దగ్గరికి వెళ్లింది. ఇన్సూరెన్స్ పోను తన వాటా బిల్లు చూసి ఇంకో మంట. ఆ రోజే నిర్ణయించుకుందట, వంట నేర్చుకోవాలి, అదీ ఏడుస్తూ కూడా చేసుకోగలిగే వంట అయ్యుండాలి అని.

తరవాత దివాకర్‌తో పెళ్లయింది, అతనికి కంప్యూటర్ చిప్పులు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చి ఇక్కడికి మారారు. ఉద్యోగం చేయనివ్వని హెచ్‌ఫోర్ వీసా మీద ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చుంది. ఇప్పుడు ఒక మందుల షాపు కౌంటర్‌లో పని చేస్తోంది. మనిషి నిమ్మళం అనుకునేరు, కాదు. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. నేను బీరకాయ తొక్కు పారేశానని ఒకసారి నాతో వారం మాట్లాడలేదు.

చదువుకోవడానికి ఎఫ్‌ఒన్ వీసా మీద కొత్తగా వచ్చే పిల్లల కోసం ఒక వాట్సాప్ గ్రూప్ నడుపుతుంది. అందులో రెసిపీలు రాసి పెట్టదు, గొంతుతో చెబుతుంది. వాటికి పెట్టే పేర్లు కూడా ఆవిడవే. నిన్నటి అన్నంతో చేసేది లాటరీ పులిహోర, ఉద్యోగానికిచ్చే హెచ్‌ఒన్ వీసా లాటరీలో పేరు వచ్చినా రాకపోయినా చేసుకోవచ్చట. కుక్కర్‌లో అన్నీ పడేసి మరిచిపోయేది థీసిస్ పప్పు. ఇంటర్వ్యూ పోయిన రోజుకి రిజెక్ట్ ఉప్మా. అన్నిటికన్నా పేరు పడ్డది లేఆఫ్ చారు. ఉద్యోగం పోయినవాడి ఫ్రిజ్‌లో కూడా దొరికే సరుకుతో అయిపోతుంది.

"ఏం పిల్లలూ, ఏడుపయిందా?" అని మొదలవుతుంది ఆ మెసేజ్. "అయితే లేచి ఒక టమాటా తీసుకోండి. కత్తి వెతక్కండి, చేత్తో పిసికేయండి. అది మీ మేనేజర్ అనుకోండి. ఇప్పుడు కాస్త చింతపండు పేస్టు, రసం పొడి, నీళ్లు. మరిగేలోపు వెళ్లి మొహం కడుక్కుని రండి."

అంతా బాగుంది గానీ, చారుకి తాలింపు పెట్టాలి కదా. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో కష్టం అదే. నెత్తి మీద స్మోక్ అలారం. మిరపకాయ కాస్త మాడితే చాలు, బిల్డింగంతా గోల. అందుకని మన పిల్లలు పొగ తగలకుండా దానికి స్నానం టోపీ తొడుగుతారు. ఆ టోపీ చూస్తే రేణుకి ఎక్కడలేని కోపం. "తీయండి దాన్ని. నిద్రలో నిప్పంటుకుంటే మిమ్మల్ని లేపేది అదొక్కటే. వంట మార్చుకోండి గానీ అలారం నోరు కట్టకండి" అంటుంది. అందుకే తనదైన తాలింపు ఒకటి కనిపెట్టింది. ఆవాలు చల్లటి నూనెలోనే వేసి సన్నటి మంట మీద పెట్టాలి. అవి చిటపటలాడాక పొయ్యి ఆపేయాలి. ఆపిన తరవాతే ఎండుమిరపకాయ వేయాలి. ఆ వేడికే అది వేగుతుంది, ఘాటు లేవదు, అలారం మోగదు. ఎంతమంది పిల్లలు ఆ తాలింపుతో చదువులు పూర్తి చేసి వెళ్లారో లెక్కే లేదు.

మా తెలుగు సంఘం వాళ్లు ఉగాదికి ఒక ప్రత్యేక సంచిక వేశారు. దానికి సంపాదకురాలు శ్రీవిద్య గారు, సంఘం అధ్యక్షుడు ఆంజనేయప్రసాద్ గారి భార్య. ఆవిడ వచ్చి మీ వంటలు మాకూ ఇవ్వండని అడిగితే రేణు సంతోషంగా తన మెసేజ్‌లు పంపింది. పుస్తకం వచ్చాక చూస్తే, లేఆఫ్ చారు కాస్తా 'రేణు గారి సంప్రదాయ మిరియాల చారు' అయి కూర్చుంది. రసం పొడిలో ఉన్నది తప్ప రేణు చారులో మిరియం గింజ పడదు. అది చూసి రేణు నవ్వేసింది. తాలింపు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. 'నూనె బాగా పొగలు వచ్చేలా కాగిన తరవాత ఎండుమిరపకాయలు తుంచి వేసి నల్లబడే వరకు వేయించాలి' అని అచ్చయి ఉంది.

ఉగాది వేడుక జరుగుతున్న ఫంక్షన్ హాల్లోనే శ్రీవిద్య గారిని అడిగింది, ఇలా ఎందుకు మార్చారండీ అని.

"చల్లటి నూనెలో ఆవాలు వేయమని అచ్చు వేస్తే నలుగురూ నవ్వరూ? సంచిక ఇండియాకి కూడా వెళుతుంది. దేనికైనా పద్ధతంటూ ఒకటుంటుంది కదండీ" అందావిడ.

రేణు ఆ సాయంత్రమే గ్రూప్‌లో చెప్పింది, పుస్తకంలో తాలింపు నాది కాదు, అలా పెట్టకండి అని. గ్రూప్‌లో ఉన్న పిల్లలు విన్నారు. లేని పిల్లల సంగతి? సంఘం వాళ్లు మిగిలిన పుస్తకాలన్నీ ఏం చేశారో తెలుసా, కొత్తగా వచ్చే విద్యార్థులకి ఇచ్చే స్వాగతం సంచిలో పెట్టి పంచారు. అలా ఒకటి దేదీప్య చేతికి వెళ్లింది.

దేదీప్యది కరీంనగర్. వచ్చి రెండు వారాలు కూడా కాలేదు. ముగ్గురమ్మాయిలు కలిసి ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. అందులో ఒకమ్మాయికి జ్వరం వచ్చి ఏదీ తినలేకపోతుంటే చారు చేసి పెడదామని పుస్తకం తెరిచింది. నూనె పొగలు వచ్చేదాకా కాచింది. మిరపకాయలు వేసింది, నల్లబడే వరకు ఆగింది. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల మరి. ఘాటుకి ముగ్గురూ దగ్గుతుంటే పొగ పోతుందని తలుపు బార్లా తెరిచింది. పొగ కారిడార్‌లోకి వెళ్లి బిల్డింగ్ అలారం మోగింది. చంటిపిల్లల్నీ ముసలివాళ్లనీ వెంటబెట్టుకుని అందరూ పార్కింగ్ లాట్‌లోకి దిగారు. ఫైరింజన్ వచ్చింది. జ్వరంతో ఉన్న పిల్ల దుప్పటి కప్పుకుని కాలిబాట అంచున కూర్చుంది.

గోరుచుట్టు మీద రోకటి పోటులా, దేదీప్య రాకముందు మిగతా ఇద్దరూ అలారానికి టోపీ తొడిగి తనిఖీలో దొరికిపోయారు. అంటే ఇది రెండో తప్పు. లీజు రద్దు చేస్తాం, ఖాళీ చేయండి అని ఆఫీసు వాళ్లు నోటీసు ఇచ్చారు. ఇక్కడ ఒకసారి అలా ఖాళీ చేయించారని రికార్డులో పడితే మళ్లీ ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు దొరకడం గగనం. సెమిస్టర్ మొదలైన సమయంలో ముగ్గురాడపిల్లలు ఎక్కడికి పోతారు?

దేదీప్య పుస్తకం పట్టుకుని రేణు అడ్రస్ కనుక్కుని వచ్చింది. నేనప్పుడు అక్కడే ఉన్నాను.

"అక్కా, మీరు రాసినట్టే చేసిన. ఒక్కటి కూడా తప్పు పోలే. మరి ఎక్కడ ఖరాబైందో నాకు సమజైతలేదు" అంది. మమ్మల్ని నిందించడానికి రాలేదు, నిజంగానే తెలుసుకోవడానికి వచ్చింది. రేణు పుస్తకం తీసుకుని, 'నీ తప్పు లేదు, పుస్తకంలోనే తప్పుంది' అని మాత్రం అంది, దాన్ని ఎవరు మార్చారో చెప్పలేదు.

మర్నాడు దేదీప్యతో కలిసి ముగ్గురం ఆ అపార్ట్‌మెంట్ల లీజింగ్ ఆఫీసుకి వెళ్లాం. అక్కడి మేనేజర్ చెడ్డ మనిషి కాదు. ఇది పిల్లల నిర్లక్ష్యం కాదు, మీ సంస్థ వేసిన పుస్తకంలోనే పొరపాటుందని రాతపూర్వకంగా ఇవ్వండి, ఇక్కడున్న విద్యార్థులకి ఒక వంటగది జాగ్రత్తల క్లాసు పెట్టండి, నోటీసు వెనక్కి తీసుకుంటాను అంది. శుక్రవారం వరకు టైమిచ్చింది. అడిగింది ఒక్క కాగితం, ఒక్క క్లాసు. అంతకన్నా సులువేముంది అనుకుంటూ దేదీప్యని ఇంట్లో దింపి, రేణూ నేనూ ఆంజనేయప్రసాద్ గారింటికి వెళ్లాం.

ఆయన కాఫీ ఇప్పించి, విని, గడ్డం నిమురుకున్నారు. "పుస్తకం తప్పని అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఎలా ఇస్తామమ్మా? రేపు లయబిలిటీ అంటారు, లాయర్లంటారు. వంట మీ పేరు మీదే ఉంది కదా. పొరపాటు నాదేనని మీరు సైన్ చేసివ్వండి, కింద నేను ఎండార్స్ చేస్తాను."

"పొరపాటు ఆమెది కాదు కదండీ" అన్నాను నేను. ఫోన్ తీసి రేణు అసలు మెసేజ్ వాళ్ల డ్రాయింగ్ రూమ్ అంతా మారుమోగేలా వినిపించాను. చల్లటి నూనె, సన్నటి మంట, పొయ్యి ఆపాక మిరపకాయ, అన్నీ ఉన్నాయి.

శ్రీవిద్య గారు చెదరలేదు. "నేను భాష దిద్దానండీ, అంతే" అంది.

భాష దిద్దిందట. నిప్పు పెట్టే చోటు మార్చేసి భాష అంటే ఏమనాలి? నేను అనాల్సినవి చాలానే అన్నాను, ఆయన మొహం ఎర్రబడింది కూడా. ఇంతలో రేణు నా చెయ్యి పట్టుకుని ఆపి, "కాగితం ఇవ్వండి" అంది. సంతకం పెట్టేసింది.

కార్‌లో నేను కడిగేశాను. "నీకేమైనా పిచ్చా? చెయ్యని తప్పుకి ఊళ్లో తలెత్తుకు తిరగగలవా?"

"శుక్రవారం లోపు వాళ్లు మారతారంటావా?" అంది రేణు.

"మారరు."

"మరి ఇంకేంటి. డ్రైవ్ చెయ్యి."

నోటీసు రద్దయింది. దాంతో అయిపోతే నేనీ కథ చెప్పేదాన్నే కాదు. ఆ జాగ్రత్తల క్లాసు పెట్టాలి కదా. ఎవరు చెప్పాలి? శ్రీవిద్య గారట. 'రేణు గారి మీద పిల్లలకి నమ్మకం పోయింది, ఈ పరిస్థితుల్లో ఆవిడ చెప్పడం బాగోదు' అని కమిటీ తీర్మానం. అపార్ట్‌మెంట్ల క్లబ్ హౌస్‌లో విద్యార్థులందరినీ కూర్చోబెట్టి, కరెంటు పొయ్యి పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని ఆవిడ మొదలుపెట్టింది. ఏం చెప్పిందనుకున్నారు? ఆవాలు చల్లటి నూనెలో వేయాలట. మంట సన్నగా ఉండాలట. పొయ్యి ఆపాక మిరపకాయట. 'నేనైతే ఇలా చేస్తాను' అని కూడా అంది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. నేను పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. రేణు నా పక్కనే కూర్చుని అంతా వింటోంది.

చివర్లో దేదీప్య చెయ్యెత్తింది. "ఆంటీ, మీ ఇంట్ల కూడ గిట్లనే పెడ్తరా?"

"మాకు ఇంట్లో ఆ బెడదే లేదమ్మా" అంది శ్రీవిద్య గారు నవ్వుతూ. "పోపులూ వేపుళ్లూ అన్నీ గరాజ్‌లోనే. మీ అంకుల్ అక్కడ వేరే స్టవ్ పెట్టించారు. ఇంట్లో చేస్తే సోఫాలకి వాసన పట్టేస్తుంది కదా."

కొందరు పిల్లలు నవ్వారు. రేణు లేచి నిలబడింది.

"శ్రీవిద్య గారూ, మీ సోఫాకి వాసన పడుతుందని మీరు ఇంట్లో పెట్టని తాలింపు, వీళ్లని పడుకునే చోట పెట్టుకోమని నా పేరు మీద రాశారు."

గొంతు పెంచలేదు. కౌంటర్ దగ్గర మందు ఎలా వేసుకోవాలో చెప్పినట్టే చెప్పింది. శ్రీవిద్య గారు గరిటె కింద పెట్టి భర్త వైపు చూసింది. ఆంజనేయప్రసాద్ గారు లేచి, బయట టీ సిద్ధంగా ఉంది, అందరూ రావచ్చు అన్నారు. ఎవరూ కదల్లేదు.

దేదీప్య కుర్చీలోంచి లేచింది. రేణు వైపు తిరిగి, "రాసింది మీరు కాదా అక్కా? మరి తప్పు మీదని ఎందుకు సైన్ పెట్టిన్రు?" అంది.

"మీకు ఇల్లు కావాలి కదే" అంది రేణు.