మాత్రల వంతు

రామసముద్రం దగ్గర మా ఊళ్లో మా నాయనకూ చిన్నాయనకూ కలిపి ఒకటే బోరు. పొలం పంచుకున్న నాడే నీళ్లూ పంచుకున్నారు. మూడు రోజులు మా టమాటాకు, మూడు రోజులు వాళ్ల టమాటాకు. ఏడో రోజు ఎవరి పైరు ఎక్కువ వాడి ఉంటే వాళ్లకు. బోరు సన్నగిల్లిన ఏడు కూడా ఈ వంతు తప్పలేదు. ఊళ్లో మిగతా అన్నదమ్ములు గట్ల కోసం తలలు పగలగొట్టుకుంటుంటే, మా ఇంటి ఏర్పాటు చూసుకుని మాకు కాస్త గర్వంగా కూడా ఉండేది. అదే మా కొంప ముంచుతుందని ఎవరికీ తట్టలేదు.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, కాంట్రాక్టు మీద. పెళ్లయ్యాక పుంగనూరులో కాపురం, ఆ దగ్గర్లోనే ఒక ఆరోగ్య కేంద్రంలో పని. దగ్గుతో వచ్చినవాళ్ల కఫాన్ని, మా వైపు మాటలో గళ్లను, గాజుపలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తాను. నీలం మీద ఎర్రటి సన్న పుల్లలు కనిపిస్తే టీబీ.

నిధులు తగ్గించారన్న మాట మొదట గాలికబురులాగే వచ్చింది. తర్వాత ఊళ్లనుంచి గళ్ల డబ్బాలు తెచ్చే బండి ఆగిపోయింది. రోగి ఇంట్లో మిగతావాళ్లకు కూడా దగ్గుందేమోనని చూసి వచ్చే ఆమెను తీసేశారు. ఆ వెనకే కుప్పం వైపు ఒక కేంద్రంలో టెక్నీషియన్‌కు కాంట్రాక్టు పొడిగించలేదు. ఆమె చోట కొత్తవాళ్లను వేయరట, నన్నే చూసుకోమన్నారు. మూడు రోజులు ఇక్కడ, మూడు రోజులు అక్కడ. “కొంచెం అడ్జస్ట్ చేసుకోండమ్మా” అన్నాడు ఆఫీసరు, బస్సులో సీటు అడిగినట్టు.

పలమనేరులో బస్సు మారి నేను కుప్పం చేరేసరికి అక్కడ దగ్గేవాళ్లు వరండాలో కూర్చుని ఉండేవాళ్లు. నేను అక్కడున్న రోజుల్లో ఇక్కడి ల్యాబుకు తాళం. తాళం చూసి వెనక్కి వెళ్లినవాళ్లు మళ్లీ వస్తారన్న నమ్మకం లేదు. పని మానుకుని రెండోసారి ఎవరొస్తారు?

ఆ రోజుల్లోనే మా నాయన గళ్లలో ఎర్ర పుల్లలు చూశాను. ఏడుపొచ్చింది గానీ భయం వేయలేదు. ఆరు నెలలు రోజూ మాత్రలు మింగితే తగ్గిపోయే జబ్బు. మధ్యలో మాత్రం మానకూడదు. మానితే పురుగు ఆ మందుకు అలవాటు పడిపోతుంది, ఇక ఆ మాత్రలు వేసుకున్నా ఒకటే, వేసుకోకున్నా ఒకటే. ఈ ముక్క కనిపించిన ప్రతి రోగికీ చెప్పి చెప్పి నాకు నోరు నొప్పి పుట్టేది. నాయనకూ చెప్పాను. నెలకు సరిపడా ఇవ్వాల్సిన మాత్రలు వారానివి మాత్రమే వస్తున్నా, వెంటపడి తెచ్చి అమ్మకు అందించేదాన్ని. రెండు నెలలకు నాయనకు దగ్గు పోయింది, మనిషి ఒళ్లు చేశాడు. నేను గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాను. చిన్నాయనను ఒక్కసారి పిలిచి పరీక్ష చేయాలని కూడా అనుకోలేదు.

నాలుగో నెల చివర నాయనకు మళ్లీ పరీక్ష చేశాను. ఏమీ ఉండదనే ధీమాతో చూశాను. పలక నిండా ఎరుపు. పలకలు తారుమారయ్యాయేమోనని ఇంకొకటి పూసి చూశాను. అదే ఎరుపు.

ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికి పోయాను. తెల్లారి మదనపల్లె మార్కెట్టుకు పంపే టమాటా బాక్సులను నాయన సర్దుతున్నాడు. పక్కన చిన్నాయన, బాక్సుకో దగ్గు దగ్గుతూ. ఆ దగ్గు వినగానే భుజాన సంచి కూడా దించకుండా అడిగాను.

“మాత్రలు దినామూ ఏసుకుంటాండావా నాయనా?”

“ఏసుకుంటానే ఉండాము కదమ్మా. మూడు దినాలు నేను, మూడు దినాలు మీ సిన్నాయన.”

నేను చిన్నాయన వైపు తిరిగాను. చిన్నాయన సంజాయిషీ చెప్పుకున్నట్టు అన్నాడు: “రెండు తూర్లు వస్తినమ్మా నీ ల్యాబు కాడికి. రెండు తూర్లూ బీగం ఏసుండాది. నువ్వు కుప్పంలో ఉండావనిరి. కోతల కాలం, మళ్లా యాడ వచ్చేది?”

“ఫోన్ సెయ్యకూడదా సిన్నాయనా?”

“నీకుండే తిరుగుడు సాలదా అనుకున్నా.”

“నాకు దగ్గు నిలిచిపాయ, వానికేమో ఎక్కువాయ. కండ్ల ముందర తమ్ముడు దగ్గతా ఉంటే నేనొక్కడే మింగేదెట్ల?” అన్నాడు నాయన.

“ఇవి బోరు నీళ్లు కాదు నాయనా! ఇద్దరూ కలిసి ఇద్దరినీ సెడగొట్టుకున్నారు!” పుట్టి బుద్ధెరిగాక నాయన మీద అరవడం అదే మొదలు.

ఆయన గొంతు పెంచలేదు. “యాల అట్ల అరస్తావు? నిన్ను మూడు దినాలు ఆడా, మూడు దినాలు ఈడా పెట్టింది సదువుకున్నోళ్లే గదా. వాళ్లు సేస్తే సర్దుబాటు, మేము సేస్తే తప్పా?”

సంచిలోంచి రెండు గళ్ల డబ్బాలు తీసి చెరొకటి చేతిలో పెట్టాను. ఆ కోపం ఇప్పటికీ ఉంది, నా మీద కూడా.

మర్నాడు ఇద్దరి గళ్లనూ ఐసు డబ్బాలో పెట్టి, డబ్బాను ఒళ్లో పెట్టుకుని మదనపల్లెకు నేనే పోయాను. పురుగు మందుకు లొంగుతుందో లేదో చెప్పే మెషీన్ అక్కడుంది. మెషీన్ ఉంది, అందులో వేసే కార్ట్రిడ్జిలు లేవు. వస్తాయన్నారు. అవి వచ్చేలోపు చిన్నాయన గళ్లలో రక్తం పడడం మొదలైంది. చివరికి ఫలితం వచ్చింది. ఇద్దరిదీ మొండి టీబీ, మామూలు మాత్రలకు లొంగనిది.

దానికి వేరే మందులున్నాయి. మందులిచ్చే ఫార్మసిస్టు ఫోన్ చేశాడు. “ఒక మనిషికి సరిపోయేవే వచ్చుండాయి మేడం. రెండో మనిషివి ఎప్పుడొస్తాయో సెప్పలేను. మందులకు ఫారాలు పంపేది మీరే గదా, ముందర వచ్చిన ఫారానికి రాసేస్తా.”

రెండు ఫారాలూ నా బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. రెండూ నా చేతిరాతే. చిన్నాయనకు జబ్బు ముదిరిందని తెలుసు. వయసులో చిన్నవాడని తెలుసు. ఆ ఇంట్లో పాకే మనవరాలు ఉందనీ తెలుసు. అన్నీ తెలిసి మా నాయన ఫారం ముందు పంపాను.

బిడ్డకు దూరంగా ఉండాలని చిన్నాయన ఇప్పుడు పశువుల కొట్టం పక్క వసారాలో మంచం వేసుకున్నాడు. రోజూ పొద్దున నాయన మాత్రలు మింగేటప్పుడు నేను వీడియో కాల్‌లో చూడాల్సిందే. కుప్పం పోయే రోజుల్లో పలమనేరు బస్టాండులో నిలబడే చేస్తాను. మింగాక నోరు తెరవమంటాను. బుగ్గన దాచిపెట్టి తమ్ముడికి ఇస్తాడేమోనని నా భయం. ఆయన నోరు తెరిచి చూపిస్తాడు, నా ముఖం మాత్రం చూడడు. వసారాలోని దగ్గు ఫోన్‌లోంచి నాకు వినిపిస్తుంది.

“వానికి ఎప్పుడొస్తాయమ్మా?” అని రోజూ అడుగుతాడు.

“వస్తాయి నాయనా” అంటాను.

ముందు తన పేరే ఎట్లా వచ్చిందని ఆయన ఇంతవరకు అడగలేదు. చిన్నాయనా అడగలేదు.