మోకాలికి రాసిన మందు

దేవకుమారికి ఎడమకాలు కుడికాలికన్నా మూడంగుళాలు పొట్టి. పెంటపాడు దగ్గరి ఆ పల్లెలో అది అలా ఎందుకైందో తెలియనివాళ్ళు లేరు. చిన్నప్పుడు డాక్టరు కట్టిన కట్టు విప్పేసుకుని గెంతులేసిందట. ఆ మాట చెప్పేది తల్లి పుష్పమ్మే. చర్చికి వచ్చిన కొత్తవాళ్ళెవరైనా అయ్యో అంటే, కూతురు వింటుండగానే, "చెప్పిన మాట వినలేదండి, ఏం చేస్తాం" అనేది. అందులో కోపం ఉండేది కాదు. ఉన్న సంగతి చెబుతున్నాననే అనుకునేది.

ఆ సంగతి ఆమెకు తెలిసింది తాడేపల్లిగూడెంలో డిస్పెన్సరీ నడిపే డాక్టరు నరసరాజుగారి వల్ల. 1922 వానాకాలంలో పిల్ల మోకాలు నొప్పని ఏడుస్తూ కుంటుతూంటే, తండ్రి ఏసోబు భుజాన వేసుకుని ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన మోకాలు నొక్కి చూసి వాతమన్నారు. సీసాలో పూతమందిచ్చి, గుడ్డకట్టు కట్టారు. పదిహేను నెలలు అదే మందు, అదే కట్టు. మోకాలు వాచలేదు, ఎర్రబడలేదు, నొప్పి తగ్గనూ లేదు. ఒకనాడు ఏసోబు భయపడుతూనే ఇదేమిటండీ అని అడిగితే, పిల్లని కదలకుండా కూర్చోబెట్టడం మీకు చేతకాకపోతే నేనేం చెయ్యనని ఆయన విసుక్కున్నారు. ఆ విసుగు డిస్పెన్సరీ నుంచి ఇంటికి వచ్చి, అక్కడే ఉండిపోయింది.

దేవకుమారి మిషను బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. టీచరు ట్రెయినింగుకి దరఖాస్తు పెడితే, రోజంతా బోర్డు దగ్గర నిలబడలేవన్నారు. గుమ్మంలో కూర్చుని లేసు అల్లడం నేర్చుకుంది. అల్లిన లేసు అప్పగించడానికి ఒకసారి ఏలూరు వెళ్ళినప్పుడు, అక్కడ ఒక దొరసాని డాక్టరు ఆమె నడక చూసి పిలిచింది. మోకాలు ముట్టుకోనేలేదు. తుంటి మీద చెయ్యి వేసింది. చిన్నతనంలో తుంటి ఎముకకి క్షయ పట్టిందనీ, ఆ జబ్బులో నొప్పి మాత్రం మోకాల్లో తెలుస్తుందనీ చెప్పింది. మొదట్లోనే ఏడాదిపాటు మంచాన పడుకోబెట్టి కాలికి బరువు కట్టి ఉంచితే కాలు దక్కేదట. ఇప్పుడు ఎముక అతుక్కుపోయింది, చేసేదేమీ లేదంది. అడిగితే అదంతా కాగితం మీద రాసి కూడా ఇచ్చింది.

దేవకుమారి ఇంటికి వచ్చి తల్లికి చదివి వినిపించింది. పుష్పమ్మ శ్రద్ధగానే విని, అప్పటి సంగతి ఈ దొరసానికేం తెలుసు, చూసినవారు నరసరాజుగారు కదా అంది.

దేవకుమారి ఆ కాగితం పట్టుకుని ఏలూరులో ప్రసాదరావు అనే ప్లీడరు దగ్గరికి వెళ్ళింది. జబ్బు పోల్చుకోలేక కాలు పోగొట్టినందుకు డాక్టరు మీద నష్టపరిహారానికి దావా వెయ్యవచ్చని ఆయన చెప్పాడు. ఎంతకి వేద్దామని అడిగాడు.

"ఎంతకైనా వెయ్యండి," అంది. "కట్టు నేను విప్పలేదని తీర్పులో రావాలండి."

చిన్నప్పుడు జరిగినదానికి, పద్దెనిమిదేళ్ళు నిండాక ఏడాదిలోగా దావా పడాలి. పుట్టిన తేదీ అడిగితే ఆమె 1917 ఏప్రిల్ ఎనిమిది అని తడుముకోకుండా చెప్పింది. చర్చి రిజిస్టరు నుంచి తెప్పించిన నకలులోనూ అదే ఉంది. ఇంకా రెండు నెలలు గడువుందని ప్రసాదరావు 1936 ఫిబ్రవరిలో దావా వేశాడు.

కేసు ఆగస్టులో విచారణకు వచ్చింది. దావా గడువులోగా పడిందా లేదా అన్నది ముందు తేల్చాలన్నారు. డాక్టరుగారి ప్లీడరు నకలుతో ఊరుకోక రిజిస్టరే తెప్పించాడు. దాన్ని తెరిచి పెట్టుకుని ఏసోబుని బోనెక్కించాడు.

"ఏమయ్యా, నువ్వు పుట్టిందెప్పుడు?"

"పంతొమ్మిది వందల పదిహేడు, ఏప్రిల్ ఎనిమిదండి."

"మీ అమ్మాయి?"

"అదే రోజండి."

"మీ ఆవిడ?"

"ఆవిడా అంతేనండి. ముగ్గురం ఒక్కరోజే పుట్టామండి."

కోర్టు హాలంతా నవ్వింది. ఏసోబు నవ్వలేదు. ఆ ఈస్టరునాడు ముగ్గురూ బాప్తిస్మం తీసుకున్నారు. ఈ రోజు మీరు కొత్తగా పుట్టారని చర్చి ఉపదేశి చెప్పి, పుట్టిన తేదీ రాయవలసిన చోట ముగ్గురికీ ఆ తేదీయే వేశాడు. అంతకుముందు వాళ్ళకి తేదీ రాసిపెట్టినవాళ్ళు లేరు. ఏటా ఆ రోజున పుష్పమ్మ ముగ్గురి పేరా పరమాన్నం వండేది. దేవకుమారి దాన్ని తన తేదీగానే ఎరుగును. ప్రసాదరావు ఆమె తేదీ ఒక్కటే అడిగాడు.

కేసు వింటున్న మునసబుగారు నవ్వు ఆగేదాకా ఊరుకుని, తల్లి కడుపున పుట్టింది ఎప్పుడయ్యా అని అడిగారు.

"పిల్లకి అప్పటికి రెండేళ్ళు నిండాయండి," అన్నాడు ఏసోబు. "బాప్తిస్మంనాడు అది పరుగులు పెడుతూంటే పట్టుకోలేకపోయామండి."

ఆ లెక్కన గడువు 1934లోనే దాటిపోయింది. మధ్యాహ్నానికి దావా కొట్టేశారు. మోకాలా, తుంటా అన్న విషయంలోకి ఎవరూ వెళ్ళలేదు. దొరసాని రాసిన కాగితం ప్రసాదరావు కేసు కాగితాల కట్టలోనే ఉండిపోయింది. తనేం తప్పు చెప్పానని ఏసోబు కూతుర్ని అడిగాడు. తప్పేమీ చెప్పలేదంది దేవకుమారి.

వరండాలో నరసరాజుగారు గొడుగు చంకన పెట్టుకుని రైలు వేళ కనుక్కుంటున్నారు. ఆయనకి అరవై దాటాయి. దేవకుమారి స్తంభం ఆసరాగా పట్టుకుని ఆయనకి ఎదురుగా నిలబడింది.

"డాక్టరుగారూ, నా జబ్బు మోకాలిదాండి, తుంటిదాండి?"

"కోర్టు నన్నది అడగలేదు కదమ్మా."

"నేనడుగుతున్నానండి. దావా పోయింది. ఇంక మీకొచ్చే నష్టం లేదు."

ఆయన తన ప్లీడరు కోసం చూశారు. ప్లీడరు సోడా కొట్టు దగ్గర ఉన్నాడు. అప్పుడు ఆమె ఒరిగిన నడుమునీ, నేలకి ఆనని మడమనీ పైనుంచి కిందికి చూశారు. డిస్పెన్సరీలో ఆయన అంతసేపు చూసినట్టు ఆమెకి గుర్తు లేదు.

"తుంటిదే," అన్నారు. "నేను అక్కడ చెయ్యి వేసి చూడలేదు."

"మరి కట్టు?"

"కట్టు ఉన్నా లేకపోయినా ఒకటేనమ్మా."

నాలుగడుగుల అవతల నిలబడ్డ పుష్పమ్మ గబగబా దగ్గరికి వచ్చింది.

"బాబుగారూ, ఆ మాట ఇంకొక్కసారి చెప్పండి."

నరసరాజుగారు గొడుగు తెరుచుకుని మెట్లు దిగిపోయారు. ఆయన గేటు దాటాక కూడా పుష్పమ్మ అటే చూస్తూ నిలబడింది. దేవకుమారి ఆమెను తొందరపెట్టలేదు.