పంచదార అర తలుపు

టైలరమ్మ వంటింటి తలుపులకు రంగు వేయాలనుకున్నది సోకు కోసం కాదు. సోకు చేసుకునే తీరికే ఉంటే ముందు తన చేతిసంచి బాగుచేసుకునేది. వీధిలో అందరి జిప్పులూ కుట్టిపెట్టే ఆ మహాతల్లి తన సంచికి మాత్రం పిన్నీసు పెట్టుకుని తిరుగుతుంది. అసలు కారణం ఆడపడుచు.

ఆవిడ భర్తకు అక్క, అంటే టైలరమ్మకు వదిన. ఊరికి అవతలి పక్క పెద్ద ఫ్లాటులో ఉంటుంది. మనిషి చెడ్డదేం కాదు గానీ, వచ్చిందంటే ఇంట్లో ప్రతి మూలకూ మార్కులు వేసి పోతుంది. పోయినసారి వచ్చినప్పుడు వంటగట్టు పైన వరుసగా ఉన్న ఆరు అరల తలుపులనూ వేలితో గీసి చూసింది. వేలికి జిడ్డు అంటింది. ఒక తలుపు మూల పగిలి ఉంది, ఇంకోదాని అంచున పొర లేచింది, మరోదాని మధ్యలో ఎప్పటిదో సొట్ట.

“ఈ చీకటి కొట్టంలో అమ్మ ఎన్నాళ్లుంటుంది? వచ్చే ఆదివారం వచ్చి నాతో తీసుకుపోతా,” అంది.

వదిన వెళ్లాక, అత్తగారు మిషను పక్కన కూర్చుని పాత చొక్కా కుట్లు విప్పుతూ మొదలుపెట్టింది.

“అక్కడ నాకు పనేముంటుందే? కూర్చోబెట్టి పెడతారు. పొద్దున్నే లేచి మీకు టీ పెట్టినన్నాళ్లూ నేనీ ఇంటి మనిషిని. అది పోయిన్నాడు చుట్టాన్ని.”

టైలరమ్మ గుండెల్లో రాయి పడింది. తల్లి మొహం సరిగా గుర్తులేని పిల్ల ఆమె. పెళ్లై వచ్చిన కొత్తలో అత్తగారే ఎక్కడినుంచో ఒక పాత కుట్టుమిషను తెచ్చి ముందుగదిలో వేసి, “వంటిల్లు నాది, మిషను నీది. ఒకళ్ల దాంట్లో ఒకళ్లం వేలు పెట్టొద్దు,” అని హద్దు గీసింది. ఆ హద్దు పుణ్యమా అని ఆమె టైలరమ్మ అయింది. కర్టెన్లు, బడిపిల్లల యూనిఫారాలు, పొట్ట పెరిగినవాళ్ల ప్యాంట్లు, ఏది వచ్చినా కాదనదు. వంటింట్లో ఉప్పెక్కడుందో పప్పెక్కడుందో మాత్రం ఆమెకు ఈనాటికీ తెలియదు. అత్తగారు లేని ఇల్లు ఆమె ఊహకే అందదు. వదిన నోటికి తాళం పడాలంటే తలుపులు మెరవాలి. ఇంకో దారి ఆమెకు తోచలేదు.

కొత్త తలుపులు చేయించే స్తోమత ఎక్కడిది? రంగుల కొట్టుకు పోయింది. నూనె రంగా, నీళ్ల రంగా, ప్రైమరు వేస్తారా, పగుళ్లకు లప్పం పెడతారా, మెరవాలా మెరవకూడదా అని కొట్టాయన ఊపిరి తీసుకోకుండా అడిగాడు. ఏ కాలరు పెట్టమంటారని తను అడిగితే జనం ఎందుకలా నోరు తెరుచుకుని చూస్తారో టైలరమ్మకు ఆ పూట అర్థమైంది. చివరికి ఎవరో నచ్చక వాపసిచ్చిన డబ్బా ఒకటి చవగ్గా ఇచ్చాడు. లప్పం మానేసింది. ఆ రంగేమిటో మాత్రం ఎవరికీ తేలలేదు. కొట్టాయన పచ్చ అన్నాడు, భర్త నీలం అన్నాడు, పక్కింటావిడ బూడిద రంగంది. మూతకు అంటిన చుక్కను కిటికీ దగ్గర పెట్టి చూస్తే ముగ్గురూ చెప్పింది నిజమే అనిపించింది.

భర్త లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో లిఫ్టులన్నిటినీ పైకీ కిందికీ నడిపిస్తాడు గానీ ఇంట్లో ఊగే కుర్చీని పట్టించుకోడు. స్క్రూడ్రైవరు చేతికిచ్చి డ్యూటీకి పోయాడు. అదే పదివేలనుకుని టైలరమ్మ ఒక్కతే తలుపులు విప్పింది. విప్పేముందు బుద్ధిగా ఒక్కోదాని వెనకాల అంకె వేసింది. దేంతో వేసింది? చేతికందిన మార్కింగు సుద్దతో. బట్టమీద గీసే సుద్ద గుణమేమిటి? పని కాగానే దులిపితే పోవాలి. ఇరవై ఏళ్లుగా ఆ సుద్దను దులిపి దులిపి పొట్టపోసుకుంటున్న మనిషికి ఆ సంగతి గుర్తు రాలేదు. తలుపులను సబ్బునీళ్లతో కడిగింది, గరుకు కాగితంతో రుద్దింది, ఆరబెట్టింది. వెనక్కి తిప్పి చూస్తే ఒక్క అంకె లేదు.

కాసేపు బిక్కమొహం వేసుకుని నిలబడింది. తర్వాత టేపు తెచ్చి కొలిచింది. అన్నీ ఒకే కొలత, అన్నీ ఒకే వైపు తెరుచుకునేవే. ఏదెక్కడుంటే ఏమిటిలే అనుకుని రెండు పూతలు వేసి, చేతికొచ్చిన వరసలో బిగించేసింది. ఇల్లలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అన్నారా?

“ఎలా ఉన్నాయత్తయ్యా?” అని అడిగింది.

అత్తగారు గుమ్మంలో నిలబడి తలూపింది. “బ్రహ్మాండంగా ఉన్నాయే. పాలలాగా, తెల్లగా.”

టైలరమ్మ తలుపులకేసి చూసింది. పచ్చో నీలమో బూడిదో గానీ తెలుపు మాత్రం కాదు. వెటకారమా? హద్దు దాటి వంటింట్లో చెయ్యి పెట్టినందుకు నిష్ఠూరమా?

మర్నాడు పొద్దున్న టీ ఉప్పు కషాయంలా ఉంది. భర్త గుక్క మింగలేక, కక్కలేక నానా అవస్థా పడ్డాడు. అత్తగారు చెయ్యి పొరబడిందంది. ఆ మర్నాడు టీపొడి కోసం వెళ్లి, పప్పు డబ్బా పట్టుకుని గట్టు ముందు చాలాసేపు నిలబడిపోయింది. ఆ తర్వాత మళ్లీ ఉప్పు. ముప్పై ఏళ్లుగా గడియారంలా నడిచిన వంటిల్లు ఒక్కసారిగా ఇలా ఎందుకైంది? రంగు వాసన తలకెక్కిందా? కోపమా? కోపమైతే తిట్టాలి కదా, ఆవిడ తిట్లకేం కరువు? భర్తనడిగితే, “వయసు,” అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. టైలరమ్మ బుర్ర వేడెక్కి ఒక చొక్కాకు రెండు కుడిచేతులు కుట్టింది.

ఆదివారం వదిన వచ్చింది. వంటింట్లోకి పోయి తలుపుల మీద వేలు గీసింది. వేలికేమీ అంటలేదు.

“బావున్నాయే. నువ్వే వేశావా?” అంది. టైలరమ్మ ఉబ్బి తబ్బిబ్బయింది. ఆ ఉబ్బు ఎంతసేపు, టీ కప్పులు వచ్చేదాకా. వదిన ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టి తమ్ముడి వంక చూసింది. ఆ అమాయకుడు నాలుగు రోజుల కథంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు.

“అమ్మకు మతి తప్పుతోందిరా. రేపు గ్యాసు కట్టడం మర్చిపోతే? ఇంక నేనెవరి మాటా వినను,” అంటూ వదిన లోపలికి పోయి తల్లి బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది టైలరమ్మ పని. ఏ తప్పు చేసిందో తెలిస్తే దిద్దుకోవచ్చు, అదే తెలియడం లేదు. కప్పులు తీసుకుని వంటింట్లోకి వస్తే అత్తగారు మళ్లీ టీ గిన్నె పెడుతోంది. టైలరమ్మ చప్పుడు చేయకుండా గుమ్మంలోనే ఆగిపోయింది.

అత్తగారి మొహం కిటికీ వైపుంది. చెయ్యి మాత్రం తలుపుల కింది అంచుల మీద నెమ్మదిగా పాకుతోంది. ఒకటి దాటింది, రెండోదీ దాటింది. పగిలిన మూల దగ్గర ఆగింది. వేలితో ఆ పగులును రెండుసార్లు తడిమింది, తలుపు తీసి ముందున్న డబ్బా అందుకుంది. అది ఉప్పు డబ్బా. అన్ని డబ్బాలూ ఒకే రకం. చెంచాతో తీసి గిన్నె మీదికి తెచ్చి, పోయడానికి ధైర్యం చాలక అక్కడే ఆగిపోయింది.

టైలరమ్మ దగ్గరికి పోయి ఆ చెయ్యి పట్టుకుంది.

“అత్తయ్యా, కళ్లు ఎప్పటినుంచి కనబడట్లేదు?”

అత్తగారు తల దించుకుంది. “చాన్నాళ్లయిందే. వెలుతురూ చీకటీ తెలుస్తాయి, అంతే. పగిలిన మూల పంచదార, పొర లేచింది టీపొడి, సొట్టది ఉప్పు. చేతికి అన్నీ తెలుసు. ఇప్పుడు లెక్కపెడితే ఒకటి వస్తోంది, తడిమితే ఇంకోటి వస్తోంది. ఏది నమ్మను? మతి కూడా పోతోందేమోనని భయమేసింది. అది మాత్రం తట్టుకోలేనే.”

“మీ మతికేం కాలేదు. తలుపులు తారుమారు చేసింది నేను,” అంది టైలరమ్మ. అంటూనే ఏడ్చేసింది.

వెనక అలికిడైతే చూసింది. వదిన గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది.

“కళ్లు కనబడట్లేదని నాకెందుకు చెప్పలేదమ్మా?”

“చెబితే తీసుకుపోతావని.”

“నా దగ్గరికి రావడమంటే అంత భయమా?”

టైలరమ్మకు ఎటు చూడాలో తోచలేదు. స్క్రూడ్రైవరు తీసుకుని, స్టూలెక్కి, పగిలిన మూల తలుపు విప్పడం మొదలుపెట్టింది. చివరి మర ఊడేసరికి తలుపు బరువుకు చెయ్యి జారబోతే వదిన వచ్చి కింద పట్టుకుంది. పట్టుకున్నది వెంటనే ఇవ్వలేదు. కళ్లు మూసుకుని అంచు వెంబడి చెయ్యి పోనిచ్చింది. పగులు మీదుగానే పోయింది గానీ అక్కడ ఆగలేదు.

“నాకేం తెలియట్లేదమ్మా,” అంది.

“నీకెలా తెలుస్తుందే? నీ పెళ్లయ్యాకే కదా ఈ ఇంటికొచ్చాం, నువ్విక్కడ ఎప్పుడున్నావని?” అంది అత్తగారు, నిష్ఠూరమేమీ లేకుండా.

వదిన కళ్లు తెరిచింది. తలుపును తల్లి చేతికి తాకించి, ఇది ఎక్కడ పెట్టాలో చెప్పమంది.