జీపు పక్కన నిజరూపం

ఎనభైల్లో మావారు పనిచేసే ఓడ విశాఖ నుంచి ఆఫ్రికాలోని మొంబాసా వెళ్లింది. ఇంజనీర్లు కుటుంబాన్ని వెంట తెచ్చుకోవచ్చు కనుక నేనూ, నాలుగేళ్ల మా అమ్మాయీ ఎక్కాం. ఓడ రేవులో ఉండగా అడవి చూద్దామని ఆయన పట్టుబట్టారు. చిన్నపిల్లతో సింహాల మధ్యకేమిటని నేను దారిపొడుగునా సణుగుతూనే ఉన్నాను.

"నానున్నాను కదా, బయమేటి?" అన్నారాయన.

పొదల్లోంచి లేచిన మగసింహం తిన్నగా మా జీపు పక్కకే వచ్చి నిలబడింది. జీపుకి అద్దాల్లేవు. డ్రైవరు పెదవుల మీద వేలు పెట్టాడు. నేను పిల్లని ఒళ్లోకి అదుముకుని నోరు అరచేత్తో మూసేశాను. పిల్ల రెండు చేతులూ విడిపించుకుని, తల మీదికి ఎత్తి దణ్ణం పెట్టింది. సింహం ఆ చేతులవైపే చూస్తోంది. మావారు కొయ్యబారిపోయారు.

ఎంతసేపటికో సింహం తోక విదిలించి గడ్డిలోకి వెళ్లిపోయింది. నోటి మీంచి చెయ్యి తీయగానే పిల్ల అడిగింది.

"అమ్మా, ఈ అప్పన్నకి సెందనం తీసీసారేటి?"

సింహాచలంలో చందనం కింద అప్పన్నది సింహం మొహమని నాయనమ్మ దానికి చెప్పింది. ఏడాదికోసారి చందనం తీసి చూపించే ఆ నిజరూపం కోసం పిల్ల ఎంత ఏడ్చినా, తోపులాటలో నలిగిపోతుంది, తీసుకెళ్లొద్దన్నది ఈయనే.