హాంకాంగ్‌లో ఊరమిరపకాయల వేలం

ఎనభైల్లో నేను హాంకాంగ్‌లో ఒక నూలు కంపెనీలో పనిచేసేవాణ్ణి. డిసెంబరు వస్తే అక్కడ సముద్రం మీద సన్నటి మసక పరుచుకునేది. మా కిటికీలోంచి చూస్తే ఎదుటి మేడలు సగం కరిగిపోయి, మిగతా సగం గాలిలో తేలుతున్నట్టుండేవి. ఆ మసకలో నాకు ప్రత్తిపాడు రోడ్డు కనిపించేది. అటూ ఇటూ విచ్చుకున్న పత్తికాయలు, వాటి మీద మంచు, ఆ మంచు వెనక ఎక్కడో క్రిస్మస్ పాటల డప్పు. కళ్ళు నులుముకుంటే పత్తిచేల మధ్యలోంచి రెండంతస్తుల ట్రాము వచ్చేది.

అలాంటి ఒక ఏడు నా భార్య కొత్తగా వచ్చింది. చీమకుర్తి దగ్గర పల్లె ఆమెది. వచ్చిన కొన్నాళ్ళకే నెల తప్పింది. ఇక ఏ వాసనా గిట్టేది కాదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఊరమిరపకాయల డబ్బా ఒక్కటే ఆమెకు దిక్కు. ఒక కాయ నూనెలో వేయించి మజ్జిగన్నంలో నంజుకుంటే నాలుగు ముద్దలు దిగేవి. ఆ డబ్బా అయిపోతే ఏం తింటుందో ఆలోచించడానికే నాకు భయం. "పండగ కాగానే నన్ను మా ఊరు పంపించెయ్యండి, ఇక్కడ నా వల్ల కాదు" అని అప్పటికే అనేసింది.

అక్కడున్న కొద్దిమంది తెలుగువాళ్ళం క్రిస్మస్ మధ్యాహ్నం ఒక చర్చి వెనక హాలులో చేరేవాళ్ళం. ప్రార్థన కాగానే, మా ఊళ్ళలో లాగే, కానుకల వేలంపాట, వచ్చిన డబ్బు చర్చికి. ఊళ్ళో అయితే పాదు కాసిన తొలి గుమ్మడికాయ, పెట్ట తొలిసారి పెట్టిన గుడ్లు, గంపెడు పండుమిరప తెచ్చి పాస్టరుగారి ముందు పెట్టేవాళ్ళు. పాడుకున్నవాడు చాలాసార్లు "మళ్ళీ దేవుడికే" అని తిరిగిచ్చేవాడు. అదే గుమ్మడికాయ మళ్ళీ పాటకొచ్చేది. హాంకాంగ్‌లో గుమ్మడిపాదులు ఎక్కణ్ణుంచి వస్తాయి? బల్ల మీద కేకులు, ఆపిల్ పండ్లు, ఎవరో అల్లిన స్వెట్టరు. వాటి మధ్య ఆ ఏడు మా డబ్బా!

"అదెందుకు పెట్టావు?" అన్నాను గొంతు తగ్గించి.

"ఖాళీ చేతుల్తో ఎట్టా వస్తామండీ? మిగతావన్నీ బజారువేగా. మనదంటూ ఇంట్లో ఉంది అదొక్కటే."

నేను చిల్లరకొట్టులో పెరిగినవాణ్ణి. కావలసిన సరుకు వైపు ఆశగా చూడకూడదనీ, చూడక తప్పకపోతే ముక్కు చిట్లించాలనీ నాకు మాటలతో పాటే వచ్చేసింది. దాంతో లోకాన్ని గెలవగలనని నా నమ్మకం.

పాట పాడించేది ఒంగోలు పెద్దాయన, ఓడల్లో ఇంజనీరు. మా ఆవిడ తన వైపు పిల్ల కాబట్టి నన్ను అల్లుడనేవాడు. ఆయన డబ్బా మూత తియ్యగానే పుల్లమజ్జిగ వాసన, దాని వెనక ఎండ వాసన హాలంతా పాకింది. నేను తాపీగా వెళ్ళి ఒక కాయ తీసి వాసన చూశాను.

"ముక్కిపోయినట్టున్నాయి మామయ్యా. ఎండ సరిగా తగల్లేదు. సరేలే, పండగపూట నేనే తీసుకుంటా" అని ఒక ధర చెప్పాను. దానికి పకోడీల పొట్లం కూడా రాదు.

"ఏంటీ? మా వైపు ఎండకే వంక పెడతావా అల్లుడూ?" పెద్దాయన కళ్ళద్దాలు తీశాడు. "అక్కడ బండలే పేలిపోతాయయ్యా!"

అక్కడి ఆసుపత్రిలో పనిచేసే గుంటూరు నర్సక్క లేచి నిలబడింది. "కాయ చూడు తమ్ముడూ, తొడిమ ఊడకుండా ఎంత పొందిగ్గా చీల్చారో. ముక్కిపోయాయంట! రాసుకోండి, నా పాట!"

అంతే. రోషంతో తలా ఒకరు పాడారు. మా ఆవిడ చాప మీద తల వంచుకు కూర్చుంది. ఆ కాయలు స్వయంగా ఎండబెట్టింది ఆమే. నేను మళ్ళీ పాడాను, వాళ్ళు పెంచారు, నేనూ పెంచాను. "ఒకటోసారి, రెండోసారి" అనేసరికి కంగారుపడి, నా పాట మీద నేనే ఇంకా పెంచాను.

"నీ మీద నువ్వే పాడుకుంటున్నావేంటయ్యా! ఇంతకీ ముక్కినవేగా?"

"ముక్కినవైనా నాకే కావాలి మామయ్యా."

హాలంతా గొల్లున నవ్వింది. మూడోసారి అని బల్ల మీద కొట్టి, ఆయన అడగవలసింది అడిగాడు. "మళ్ళీ దేవుడికేనా, ఇంటికా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. నేను డబ్బాను పొట్టకు హత్తుకుని నిలబడ్డాను.

మా ఆవిడ లేచి వచ్చింది. "ఇటివ్వండి" అని డబ్బా లాక్కుని పక్కనున్న వంటగదిలోకి నడిచింది.

"ఏం చేస్తావే అమ్మాయ్?" నర్సక్క వెనకే వెళ్ళింది.

"వేయిస్తానక్కా. ముక్కిపోయినయ్యో లేదో అందరూ చూడాలిగా."

కాసేపటికి ఘాటు వచ్చింది. అందరం దగ్గాం, తుమ్మాం, కళ్ళు తుడుచుకున్నాం. కిటికీల బయట మేడలు పూర్తిగా కరిగిపోయాయి. విస్తళ్ళు లేని చోట కాగితం పళ్ళేల్లో అన్నం పెట్టుకుని, చాపల మీద వరసగా కూర్చుని, తలా ఒక కాయ కొరికి ఎవరి ఊళ్ళో వాళ్ళం చాలాసేపు ఉండిపోయాం. పెద్దాయన ఒకసారి "ఎండ తగిలిందయ్యా" అన్నాడు, నా వైపు చూడకుండా.

డబ్బాలో ఒక్కటీ మిగల్లేదు. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ రెండోసారి అన్నం పెట్టించుకుంది, కాయ లేకుండానే, నర్సక్క కాచి తెచ్చిన చారుతో. ముద్ద ముద్దకీ ఆగి చూసుకుంటోంది, కడుపు ఒప్పుకుంటుందా అన్నట్టు. ఒప్పుకుంది.

"రోజూ మధ్యాహ్నం మా ఇంటికొచ్చెయ్, ఇద్దరం కలిసి తిందాం" అంది నర్సక్క.

మా ఆవిడ చెయ్యి కడుక్కుని నా పక్కకు వచ్చింది. "రేపు అక్క వాళ్ళింటికి ఏ ట్రాము ఎక్కాలో చూపించండి" అంది.